అమ్మ కోయని తోటకూర

ఈ పొద్దున పంజాగుట్టలో మా బిడ్డ తన బాల్కనీలోకి పిలిచి, కుండీలో పెరిగిన తోటకూర చూపించింది. నా సంబరం ఏమని చెప్పను దోస్తులారా! అంతలోనే అమ్మ యాదికొచ్చింది.

అమీర్‌పేటలో మా రేకుల ఇంటి వెనక అమ్మ తోటకూర మడి గుర్తుందా? ఎనభైల్లో ఉగాది దాటగానే నాన్న వరి నూర్చే మిషన్‌కు గ్రీజు పూసి, బెల్టు బిగించేవాడు. కిరాయికి ఊరూరూ తిరగాలి కదా! కానీ అమ్మ మడిలో విత్తనం చల్లందే మిషన్ వాకిలి దాటకూడదు. మా ఇంటి ఆచారమది.

ఒక ఏడు బడి సెలవులని నాన్న నన్నూ తీసుకెళ్లాడు. జ్వరంతోనే విత్తనం చల్లిన అమ్మ, "జర పైలం బిడ్డా! మీరొచ్చినంకనే కోస్త. గప్పటిదాంక ఒక్క ఆకు ముట్ట" అంది.

"ముదిరిపోతదే పిచ్చిదానా!" అని నాన్న నవ్వాడు.

మేం ఏ ఊళ్లో ఉన్నామో ఎవరికీ తెలియక, ఆ జ్వరంతోనే అమ్మ పోయిన కబురు మాకు చేరనే లేదు. తిరిగొచ్చేసరికి తోటకూర నా ఎత్తు పెరిగి, గింజ పట్టి నిలబడి ఉంది.

"నువ్వు మళ్లొచ్చినప్పుడు కోస్త నాన్నా" అంది ఈ పొద్దున మా బిడ్డ, తన కుండీ చూపిస్తూ.

"వద్దు తల్లీ, ఇప్పుడే కోయి. ఎవరికోసమూ ఆగకు" అన్నాను.