ఎడమ చెవికి పలికిన కాయ

మా ఇంట్లో ఒట్టు పెట్టుకోవడం తప్పు. ఒట్టు అన్న మాట నోట్లోంచి వస్తే మా నాన్న కంచం ముందు నుంచి లేపేసేవాడు. అందుకని ఇప్పుడు కూడా ఒట్టు పెట్టను. కానీ ఇది నాకు జరిగింది. ఇంకెవరికో జరిగితే నేను విన్నది కాదు. కల కూడా కాదు... మర్నాడంతా నా రెండు అరచేతులూ పీచు గీసుకుని మండుతూనే ఉన్నాయి. కలలో ఊపితే చేతులు మండుతాయా?

అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. డెబ్భైలు అయిపోవస్తున్న రోజులు. మాది రాజోలు దగ్గర కాలవ గట్టు మీద పల్లె. ఏడో తరగతి పరీక్షలు రాసేసి ఇంట్లో ఉన్నాను. సెలవులిచ్చారంటే మా ఈడు పిల్లలందరం ఏదో ఒక పనికి వెళ్ళాల్సిందే. పీచు కొట్టే చోట చేతులు పుండ్లు పడతాయి. మట్టి మోస్తే మెడ దిగిపోతుంది. అందరూ ఆశపడేది మాత్రం కురిడీ అటక మీద పనికి. నీడ పట్టున కూర్చుని చేసే పని మరి.

ముదురు కొబ్బరికాయల్ని పై పీచు డొక్క తీయకుండా వెదురు అటక మీద పోసి నెలల తరబడి వదిలేస్తారు. లోపల నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి చిప్పనుంచి ఊడొచ్చి గుండులా తయారవుతుంది. అదే కురిడీ. తయారైందో లేదో పైకి కనపడదు, ఊపి వినాలి. తయారైతే లొడ లొడ... మంటుంది. పలికింది అంటారు. నీళ్ళుంటే గుళుక్ మంటుంది. నీళ్ళ కాయ తెలియక కురిడీల్లో కలిసిందా, బస్తా అంతా బూజు పట్టిపోతుంది.

మా ఊళ్ళో ఆ అటక ఉన్న కొబ్బరి కొట్లో పద్ధతేమిటంటే, రెండు చేతుల్లో రెండు కాయలు పట్టుకుని, రెండు చెవుల దగ్గరా ఒకేసారి ఊపాలి. పలికింది ముందుకి, పలకనిది వెనక గోడ వైపుకి.

ఇక్కడే ఉంది చిక్కంతా. నాకు ఆరేళ్ళప్పుడు ఎడమ చెవికి చీము పట్టి, ఆ చెవి పోయింది. పక్కన టపాకాయ పేలినా దానికి వినపడదు.

నన్ను పనిలో పెట్టడానికి తీసుకెళ్ళింది మా మార్తమ్మ పిన్ని. ఆవిడ ఆ కొట్లోనే కింద డొక్కలు పోగేసే పని చేసేది. కొట్లో పనంతా చూసుకునే సూరన్న మేస్త్రి గారు నన్ను ఎగాదిగా చూశారు.

"చెవులు బాగా వినపడతాయా అమ్మడూ?"

"ఆయ్. వినపడతాయండి."

పిన్ని నా జబ్బ మీద గిల్లింది. బయటికొచ్చాక పట్టుకుంది. "ఎంత గుండెలు తీసినదానివే! మీ నాన్నకి తెలిస్తే?"

"ఒట్టు పెట్టలేదు కదా పిన్నీ."

నవ్వేసింది గానీ, తనకీ తెలుసు నేనెందుకు అలా అన్నానో. నాన్న ముందే చెప్పేశాడు, అటక పని కుదరకపోతే కాట్రేనికోనలో అత్త దగ్గరికి పంపేస్తానని. ఎండుచేపల పనికి. మా అక్క కూడా సెలవులకనే వెళ్ళింది. అలాగే ఉండిపోయింది. మళ్ళీ బడి మొహం చూడలేదు. నాకు ఎనిమిదో తరగతి చదవాలని ఉండేది.

నాలుగు రోజులు నెట్టుకొచ్చాను. కుడి చేతి కాయ వినేదాన్ని. ఎడమ చేతి కాయ బరువు చూసి, అందాజుగా వేసేసేదాన్ని. అయిదో రోజు సాయంత్రం మేస్త్రి గారు నిచ్చెనెక్కి వచ్చారు. నా ముందు కుప్పలోంచి ఓ కాయ తీసి ఊపారు. లొడ లొడ. ఇంకోటి తీశారు... గుళుక్.

చేతిలో కాయలు కింద పెట్టేశాను.

"ఇదేంటే? పలికిన కుప్పలోకి నీళ్ళ కాయ ఎలా వచ్చింది?"

"పొరపాటయ్యిందండి."

మరోటి తీశారు. అదీ గుళుక్. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. "తెల్లారేసరికి వలిచేవోళ్ళు వచ్చేత్తారు. ఈలోగా ఈ కుప్పంతా మళ్ళీ సూడు. అప్పటికీ ఒక్క నీళ్ళ కాయ దొరికినా ఇంటికెళ్ళిపో అమ్మా. నేనేం అనుకోను" అనేసి దిగిపోయారు.

పిన్ని నాకు తోడుగా కొట్లో పడుకుంటానంది. తనకి కాయలు చూడ్డం చేతకాదు. తలుపుకి లోపల గడియ వేసి, సరిగ్గా నిచ్చెన మొదట్లో చాప పరుచుకుంది. "నన్ను తొక్కకుండా పైకెవడూ రాలేడు, భయపడకు" అంది. పది నిమిషాల్లో గుర్రు మొదలెట్టింది.

ఊళ్ళోకి కరెంటొచ్చింది గానీ కొట్లోకి రాలేదు. లాంతరు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. నా ముందు కుప్ప... నా ఎత్తుంది. ఒక్క చెవి. ఒక్కో కాయ. కుడి చేత్తో తియ్యడం, వినడం, వెయ్యడం. ఎంతసేపు చేశానో తెలీదు. కుప్పలో పావు వంతు కూడా తరగలేదు. అంతలో లాంతరు రెండుసార్లు ఎగిరెగిరి పడి... ఆరిపోయింది. కిరసనాయిలు అయిపోయింది.

చీకటి. అలాంటి ఇలాంటి చీకటి కాదు. నా చెయ్యి నాకే కనపడలేదు. ఎండిన డొక్కల వాసన ఒక్కటే. మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాను. కాట్రేనికోన ఇసకలో చేపలు తిరగేస్తున్న మా అక్కే కళ్ళలో కనపడింది.

అప్పుడు వినపడింది.

లొడ లొడ...

కుప్పకి అవతలి కొస నుంచి. ఆగింది. టప్... కాయ కింద పెట్టిన చప్పుడు.

ఎలుక అనుకున్నాను. కొబ్బరి కొట్లో ఎలుకలకేం తక్కువ?

గుళుక్...

తర్వాత ఆ కాయ దొర్లుకుంటూ గోడ వైపుకి వెళ్ళిపోయింది.

మళ్ళీ లొడ లొడ. ఇది మాత్రం ముందుకి. టప్.

ఎలుకకి ఏది నీళ్ళ కాయో ఏది కురిడీయో తెలుస్తుందా? మీరే చెప్పండి.

"పిన్నీ..." అన్నాను. కింద పిన్ని గుర్రు ఆగలేదు. అంటే పిన్ని కాదు.

వినకూడదని కుడి చెవి అరచేత్తో గట్టిగా మూసేసుకున్నాను.

పిన్ని గుర్రు ఆగిపోయింది.

లొడ లొడ... ఆగలేదు.

చెయ్యి తీశాను. గుర్రు వచ్చింది. మళ్ళీ మూశాను. గుర్రు పోయింది. ఆ చప్పుడు అలాగే ఉంది. ఈసారి ఎడమ చెవి మూశాను... కొట్టంతా నిశ్శబ్దం. ఒక్క పిన్ని గుర్రే.

ఆ చప్పుడు నాకు వినపడేది పోయిన చెవికి!

భయం వేసింది. వెయ్యలేదంటే అబద్ధం. కానీ... ఎనిమిదేళ్ళ తర్వాత ఆ చెవికి ఏదో వినపడుతుంటే మూసుకుని ఎంతసేపని కూర్చుంటాను? చెయ్యి దానంతటదే దిగిపోయింది. తడుముకుని ఓ కాయ తీశాను. ఎడమ చెవి దగ్గర పెట్టుకుని ఊపాను.

లొడ లొడ... లోపల కురిడీ చిప్పకి తగిలి తిరగడం కూడా వినపడింది.

ఇంకోటి కుడి చేతిలోకి తీసుకున్నాను. రెండు చేతులూ, రెండు చెవులూ. జీవితంలో మొదటిసారి ఆ పని ఎలా చెయ్యాలో అలా చేశాను. ఇటు నేను ఊపుతున్నాను. అటు అదీ ఊపుతోంది. నేను తొందరపడితే అదీ తొందరపడింది. ఓసారి కావాలని ఆగాను.

అదీ ఆగింది.

ఇక ఉండలేకపోయాను. చూడాలని కాదు, ఎవరో తెలుసుకోవాలని. మా వైపు దొంగనైనా అండీ అనే పిలుస్తాం కదా, ఆ అలవాటుకొద్దీ అడిగాను. "ఎవరండీ?"

తర్వాత ఒక కాయ... మెల్లిగా... వెదురు మీద కట కట మంటూ దొర్లుకుంటూ వచ్చింది. నా పాదానికి తగిలి ఆగింది.

తీసి ఊపాను. కుడి చెవికి ఏమీ లేదు. ఎడమ చెవికీ ఏమీ లేదు. లొడలొడా లేదు, గుళుకూ లేదు. దాన్ని ఎటు వెయ్యాలో తెలీక ఒళ్ళో పెట్టుకున్నాను. అవతల మళ్ళీ పని మొదలైంది. నేనూ మొదలెట్టాను. ఎప్పుడు నిద్రపోయానో తెలీదు.

పిన్ని కేకకి మెలకువ వచ్చింది. పెంకుల సందుల్లోంచి వెలుతురు పడుతోంది. తలుపు గడియ వేసినట్టే ఉంది. చాప నిచ్చెన మొదట్లోనే ఉంది. కుప్ప లేదు. ముందు పలికినవి, వెనక పలకనివి. అంతా అయిపోయింది.

మేస్త్రి గారు పైకొచ్చారు. ఒకటి, రెండు, నాలుగు... ఎన్ని ఊపారో. అన్నీ పలికాయి. ఆయన మొహం విచ్చుకుంది. "ఒక్క రాత్రిలో ఎలా సేసేవే అమ్మడూ?" అంటూ అవతలి కొసకి వెళ్ళారు. అక్కడ ఆగిపోయారు. నా వైపు కాయలు ఎలా పడితే అలా పడి ఉన్నాయి. ఆ వైపు కాయలు మాత్రం వరసగా, తొడిమ దగ్గరి ముచ్చికలన్నీ గోడ వైపుకి తిప్పి ఉన్నాయి. ఒక్కటి కూడా తప్పకుండా.

"ఇలా పెట్టడం నీకెవరు నేర్పేరు?"

"నేను పెట్టలేదండి."

ఆయన పిన్ని వైపు చూశారు. పిన్ని నా వైపు చూసింది. మేస్త్రి గారు తువ్వాలుతో మెడ తుడుచుకుని, "సెలవులయ్యేదాకా నువ్వే ఉండు. అయితే ఈ కొసకి రాకు. ఆ మధ్యలోనే కూర్చో" అన్నారు.

"ఎందుకండీ? ఎవరున్నారండీ అక్కడ?"

"పని సేసుకునేవోళ్ళని కదపకూడదమ్మా" అనేసి దిగిపోయారు.

ఆ వేసవంతా అడుగుతూనే ఉన్నాను. నవ్వేవారు, అంతే. పిన్ని మాత్రం ఆ పనంతా మేస్త్రి గారే చేసి ఉంటారని, నా మీద జాలిపడి వెనక వైపు కప్పు పెంకులు తీసి లోపలికి దిగి ఉంటారని అనేది. నిజమే కావచ్చు. ఆయన మంచాయన. కానీ ఆయనే అయితే కుడి చెవికి వినపడాలి కదా?

జూన్‌లో నేను బడికి వెళ్ళాను. ఎనిమిది చదివాను, తర్వాత మానేశాను. అది వేరే సంగతి. ఆ రాత్రి గడిచాక మళ్ళీ ఎడమ చెవికి ఏమీ లేదు. సెలవులయ్యేదాకా ఒక్కో కాయా కుడి చెవి దగ్గరే పెట్టి చూశాను. మేస్త్రి గారు చూసి కూడా ఒక్కనాడూ ఏమీ అనలేదు.

ఒళ్ళో పెట్టుకున్న కాయని మాత్రం అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పటికీ ఉంది, మా వంటింటి గూట్లో. డొక్క నల్లబడిపోయింది. మా పిల్లలు వలిచి చూద్దామంటారు. నేను వలవనివ్వను. అప్పుడప్పుడూ ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీసి, కుడి చెవి మూసుకుని, ఎడమ చెవి దగ్గర పెట్టి ఊపుతాను.

పలకదు.

అయినా గూట్లో పెట్టేటప్పుడు, దాని ముచ్చిక గోడ వైపుకే తిప్పి పెడతాను.