బూటు లోపలి తడి

క్లెమెంటి అంకుల్ పోయారన్న సంగతి నాకు ఆయన ఇంట్లో అద్దెకుండే ఆ అమ్మాయి చెప్పింది. పోయిన నెల ఒక మంగళవారం ఉదయం ఆఫీసుకని ఎక్స్‌పో స్టేషన్లో రైలు దిగుతుంటే ఫోన్ మోగింది. "అన్నా, సార్ లేరు. తెల్లారంగ నిద్రలనే పోయిండ్రు," అంది. నేను ఎస్కలేటర్ పక్కన ఆగిపోయాను. నిజం రాయాలని కూర్చున్నాను కాబట్టి రాస్తున్నాను. నాకు ముందు దుఃఖం రాలేదు. ఈ కబురు కూడా ఆమెకే ముందు తెలిసింది కదా అని కడుపు మండింది. దుఃఖం ఆ తర్వాత, ఆఫీసు పాంట్రీలో కాఫీ కలుపుకుంటుంటే వచ్చింది.

పోయినవారి గురించి రాసేటప్పుడు వాళ్ళ మంచితనం రాయడం మర్యాద. నేనూ రాస్తాను. కానీ ఆయన్ను తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది నా కుళ్ళు. అది దాచిపెట్టి ఈ నాలుగు మాటలు రాయడం నా వల్ల కాదు.

అంకుల్ది గోదావరి వైపు. నీళ్ళు శుద్ధి చేసే పరికరాల కంపెనీలో పనిచేసి రిటైరయ్యి, ఆంటీతో ఈ ద్వీప నగరంలో పడమటి పేట అయిన క్లెమెంటిలో ఒక పాత ఫ్లాట్‌లో ఉండేవారు. ఎప్పుడో ఆఫీసు పని మీద న్యూజిలాండ్ వెళ్ళినప్పుడు అక్కడి వాళ్ళెవరో ఆయన్ను ఒక కొండవాగు దగ్గరికి తీసుకెళ్ళి ట్రౌట్ చేపను చూపించారట. అద్దంలాంటి చల్లటి నీళ్ళలో, ప్రవాహానికి ఎదురుగా కదలకుండా నిలబడి ఉందట. అంతే, ఆ తర్వాత ప్రతి నవంబరులోనూ ఒక వారం అక్కడే. మూడు రోజులు గాలం వేసేవారు. మిగతా రోజులు ఆ ఊరివాళ్ళతో కలిసి వాగు ఒడ్డున మొక్కలు నాటేవారు. నీడ లేకపోతే నీళ్ళు వేడెక్కుతాయి, నీళ్ళు వేడెక్కితే ట్రౌట్ బతకదు. పట్టిన ప్రతి చేపనూ తిరిగి నీళ్ళలోకే వదిలేసేవారు.

ఆంటీకి ఇది ఎన్నడూ మింగుడు పడలేదు. "తెస్తే పులుసైనా పెట్టేదాన్ని. పట్టుకుని వదిలేయడానికి విమానం ఎక్కాలటండీ," అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు. అంకుల్ నవ్వి, "అది కూడా మనలాగే వేరే దేశం నుంచి వచ్చి పాతుకుపోయిందే. ఇంకో వలసదారుణ్ణి ఎలా తినమంటావ్," అనేవారు.

నేను ఆయన దగ్గర చేరింది ఏడేళ్ళ క్రితం. ఒక తెలుగు వాళ్ళ పెళ్ళి విందులో పక్కపక్కన కూర్చున్నాం. ఆయన చొక్కా జేబులోంచి చిన్న డబ్బా తీసి చూపించారు. కోడి ఈక, దారం, కొక్కెంతో చేసిన ఈగ. ట్రౌట్ నిజం ఈగ అనుకుని నోట్లో వేసుకోవాలి. అప్పటికి నా జీవితంలో బ్యాంకు సాఫ్ట్‌వేర్ తప్ప మరేమీ లేదు. ఆ వేలెడు కూడా లేని ఈగను చూస్తే నాకెందుకో పదేళ్ళ పిల్లాడిలా ఆశ పుట్టింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం నేనుండే సిమేయ్ నుంచి క్లెమెంటికి గంట ప్రయాణం.

వాళ్ళ ఫ్లాట్ల బ్లాక్ ముందు గడ్డిలో నిలబడి, కొక్కెం బదులు ఎర్ర ఊలుముక్క కట్టి గాలం విసరడం నేర్పేవారు. కింద బెంచీ మీద కూర్చునే చైనీస్ పెద్దాయన ప్రతిసారీ ఇక్కడి యాసలో ఒకే ప్రశ్న వేసేవాడు. "అంకుల్, ఫిష్ ఎక్కడ లా?" మా అంకుల్ ఇంగ్లీషులో, "ఆన్ ద వే," అని ఒకే జవాబు చెప్పేవారు. తర్వాత కాలువ వంతెన మీదికి తీసుకెళ్ళి, కింద నీళ్ళు చూపించి, చేప ఎక్కడ నిలబడుతుందో చెప్పమనేవారు. నేను ఏదో ఒక చోటు చూపించేవాణ్ణి. "చేప కోసం చూడకు అబ్బాయ్. నీళ్ళెక్కడ నెమ్మదించాయో చూడు," అనేవారు. ఆరేళ్ళు చూశాను. పది సార్లలో ఏడు సార్లు తప్పేది.

"నన్నెప్పుడు తీసుకెళ్తారంకుల్?" అంటే, "తొందరేవుంది, వాగు ఎక్కడికీ పోదు," అనేవారు.

అప్పుడు దిగింది ఆ అమ్మాయి. వరంగల్ నుంచి వచ్చి, యూనివర్సిటీలో బ్యాటరీల మీద రీసెర్చ్ చేస్తూ, అంకుల్ ఇంట్లో గది అద్దెకు తీసుకుంది. నేను కట్టిన మొదటి ఈగ తలంటు పోసిన కోడిపిల్లలా ఉంటే, ఆమె మొదటి ఈగను అంకుల్ నేరుగా తన డబ్బాలో పెట్టుకున్నారు. మొదటిసారి వంతెన ఎక్కి కిందికి చూసి, "గా రాయి ఎనుక ఉంటది సార్," అంది. నిజంగానే అక్కడ ఒక తిలాపియా చేప తోక ఆడించింది. అంకుల్ ముఖం వెలిగిపోయింది. ఆరేళ్ళలో ఒక్కసారైనా నా వల్ల ఆ ముఖం అలా వెలగలేదని రైల్లో ఇంటికెళ్తున్నంత సేపూ లెక్కేసుకున్నాను. ఆమె ఆ ఇంట్లోనే ఉంటుంది, పొద్దున కాఫీతో పాటు పాఠం దొరుకుతుంది, అందుకే విద్య అంత తొందరగా వచ్చిందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నమ్మలేదు.

పోయిన ఏడాది సెప్టెంబరులో అంకుల్, "నవంబరుకి ఇద్దరూ రండి," అన్నారు. ఆరేళ్ళవాడినీ ఆరు నెలల పిల్లనీ ఒకే మాటలో పిలవడం నాకు నచ్చలేదు. అయినా ఎగిరి గంతేశాను. సెలవు పెట్టాను, టికెట్ కొన్నాను, నీళ్ళలో నడిచే బూట్లు కొన్నాను.

ఇక్కడ ఆయన పట్టింపు ఒకటి చెప్పాలి. ఒక వాగులో తిరిగిన బూట్లకి కంటికి కనపడని నాచు అంటుకుంటుంది. తడిగా ఉంటే అది బతికే ఉంటుంది. ఆ బూట్లతో ఇంకో వాగులో దిగితే అక్కడి రాళ్ళన్నీ ఆ నాచు కప్పేస్తుంది, రాళ్ళ కింద పురుగులు పోతాయి, పురుగులు పోతే చేప పోతుంది. అందుకని అంకుల్ బూట్లను సబ్బునీళ్ళలో నానబెట్టి, తోమి, వంటింటి కిటికీ బయట బట్టలారేసే వెదురు గడకి గుచ్చి ఆరబెట్టేవారు. పూర్తిగా ఆరాక ఇంకో రెండు రోజులు. ఆఖర్న చెయ్యి లోపలికి పెట్టి, బొటనవేలు ఉండే కొసదాకా తడిమి చూడాలి. అది కూడా ఎవరి బూట్లు వాళ్ళు చూసుకోకూడదు. "ఎవడిది వాడు చూసుకుంటే ఎప్పుడూ ఆరినట్టే ఉంటుందండీ," అనేవారు.

ప్రయాణానికి ముందు శనివారం ఆఫీసు వాళ్ళం సరిహద్దు దాటి జొహోర్‌లో ఒక జలపాతానికి వెళ్ళాం. కొత్త బూట్లు వేసుకెళ్ళాను. నీళ్ళలో నిలబడి ఫొటోలు దిగాను. ఆ అమ్మాయి కంటే ముందు నేనే వాగులో దిగానన్న తృప్తి ఒకటి. ఇంటికొచ్చి కడిగి, ఫ్యాన్ కింద పెట్టాను. మంగళవారం సాయంత్రం సామాను చూసుకోవడానికి ముగ్గురం క్లెమెంటిలో కలిశాం. బుధవారం ప్రయాణం.

"కొత్తవే అంకుల్, ఇంకా వాడలేదు," అన్నాను.

ఆయన విననట్టే చెయ్యి లోపలికి పెట్టారు. మోచెయ్యి దాకా వెళ్ళింది. బయటికి తీసి వేళ్ళు చూసుకున్నారు. రెండు ఇసుక రేణువులు, ఒక చిన్న ఆకుముక్క. ఆ అమ్మాయి తల తిప్పుకుని తన బ్యాగు జిప్పు సర్దడం మొదలుపెట్టింది. ఆమె అలా చూడనట్టు నటించడమే నాకు అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంది.

"హెయిర్ డ్రైయర్ పెడితే గంటలో ఆరిపోతాయంకుల్."

"పైన ఆరుతుంది. లోపల ఆరదు." ఆయన గొంతులో కోపం లేదు. "చేప ఒంటి మీద జిగురుంటుంది కదా, పొడి చేత్తో పట్టుకుంటే అది ఊడిపోతుంది. అందుకని చేతులు తడిగా ఉండాలి, బూట్లు పొడిగా ఉండాలి. నువ్వు రెండూ తిరగేసేసావు అబ్బాయ్. ఈసారికి వద్దులే."

"అయితే ఈ బూట్లు మీరే ఉంచుకోండి," అన్నాను. ఆంటీ ఉప్మా ప్లేటు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. నేను తినకుండా వచ్చేశాను.

వాళ్ళిద్దరూ వెళ్ళారు. వారం తర్వాత ఆ అమ్మాయి ట్రౌట్‌ని పట్టుకున్న ఫొటో వచ్చింది. వీపు మీద ఎర్ర చుక్కలు, పొట్ట దగ్గర వెన్నరంగు. ఆమె చేతులు పొడిగా ఉన్నాయేమో పట్టుకుందామని ఫొటో పెద్దది చేసి చూశాను. నీళ్ళు కారుతున్నాయి. ఎన్నిసార్లు పెద్దది చేసినా కారుతూనే ఉన్నాయి.

ఆ తర్వాత నేను క్లెమెంటి వెళ్ళలేదు. పండగలకి ఫోన్లో దణ్ణం పెట్టే బొమ్మ పంపేవాణ్ణి. ఆయన "ఆదివారం ఖాళీయేనా?" అని రెండు మూడు సార్లు అడిగారు. బిజీ అని రాశాను. ఆ అబద్ధాలకి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఇంకా చాలా ఆదివారాలు ఉన్నాయనుకున్నాను.

మండాయ్‌లో శ్మశానంలో దహనం రోజు జనంలో వెనక నిలబడ్డాను. పదకొండో రోజు భోజనాలయ్యాక చేతులు కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్తే, కిటికీ బయట గడకి నా బూట్లు గుచ్చి ఉన్నాయి.

ఆంటీ నా వెనకే వచ్చారు. "అవి నీవే బాబూ. ప్రతి ఆదివారం పొద్దున్నే బయట పెట్టేవారు, సాయంత్రం లోపల చెయ్యెట్టి చూసేవారు. ఎప్పుడో ఆరాయి కదండీ, ఇంకా ఎందుకండీ అంటే, వాడొచ్చి చూసుకునే టైముకి చెమ్మ పట్టకూడదు అనేవారు. మొన్న ఆదివారం ఆయన్లేరు, నేనే పెట్టాను. మానడానికి మనసొప్పలేదు."

పదకొండు నెలల ఆదివారాలు. నేను రైలెక్కి వచ్చి ఉంటే ఏ ఆదివారమైనా ఆయన చేత్తో ఆ బూట్లు నాకు ఇచ్చేవారు. సింకు దగ్గర నిలబడి, కుళాయి తిప్పి, చాలాసేపు చేతులు కడుక్కున్నాను.

ఆ అమ్మాయి నాతో కిందికి దిగింది. అంకుల్ గాలం విసిరే గడ్డి దగ్గర ఆగి, నా వైపు చూడకుండా మాట్లాడింది.

"అన్నా, ఒకటి చెప్తే ఏమనుకోరు కదా. మీరంటే నాకు మస్తు కుళ్ళుండె."

నేను సరిగ్గా వినలేదనుకున్నాను.

"ఆడున్నన్ని దినాలు సార్ నోట్ల మీ ముచ్చటే. ఈ మలుపు ఆనికి నచ్చుతుండె, ఈ నీళ్ళు ఆనికి అర్థమైతుండె అని. పైన ఒక మడుగు ఉన్నది, మొత్తం వాగుల అదే మంచిగుంటది. అండ్ల నన్ను గాలం ఎయ్యనియ్యలే. ఎంత బతిలాడినా, ఊహూ, అది వాడిది, ముట్టకు అన్నరు. సార్ కూడ ఎయ్యలే. ఒడ్డుమీద కూసోని చూసుకుంట ఉన్నరు. నాకు ఏడుపొచ్చింది అన్నా. నేనేం తక్కువ చేసిన అనిపించింది."

కింద బెంచీ మీద చైనీస్ పెద్దాయన మమ్మల్నే చూస్తున్నాడు. ఈసారి ఏమీ అడగలేదు. ఏడాదిపాటు నేను ఎవరిని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నానో, ఆమె నన్ను చూసి అదే పని చేసిందన్నమాట. ఇద్దరి కుళ్ళుకీ సరిపడా ఆయన ప్రేమ ఉన్నట్టుంది. మాకే అది తెలియలేదు.

వాగు పేరు ఇక్కడ రాయను. పేరు బయటపెడితే జనం వస్తారని ఆయన భయం. దారి తెలిసింది ఇప్పుడు ఆ అమ్మాయి ఒక్కదానికే. పోయిన ఏడాది నాటిన మొక్కలు ఎలా ఉన్నాయో చూడాలంటూ ఆమే అడిగింది, ఇద్దరం వెళ్దామా అని. వచ్చే శుక్రవారం ప్రయాణం. ఆమె నాకు దారి చూపించాలి, నేను ఆ మడుగు ఆమెతో పంచుకోవాలి. రెండోది చెప్పినంత తేలిక కాదని ఒప్పుకుంటున్నాను.

నిన్న ఆదివారం ఆమె తన బూట్లు సంచిలో పెట్టుకుని సిమేయ్ వచ్చింది. ఎవరివి వాళ్ళు చూసుకోకూడదు కదా. క్లెమెంటి నుంచి తెచ్చుకున్న నా బూట్లలో ఆమె చెయ్యి పెట్టి, కొసదాకా తడిమి, తల ఊపింది. ఆమె బూట్లలో నేను పెట్టాను. కుడిది ఆరింది. ఎడమదానిలో, బొటనవేలు ఉండే చోట, చల్లగా తడి తగిలింది.

ఆమె నా ముఖమే చూస్తోంది. "తడున్నదా అన్నా?" అంది. పోయిన వారం కడిగిందట, అప్పటి నుంచి ఒకటే వాన. ఏడాది క్రితం నా ముఖం ఎలా ఉండి ఉంటుందో నాకు అప్పుడు కనిపించింది. ఒక్క క్షణం నాలో ఎక్కడో పాత సంబరం లేచింది, అది కూడా రాయాలి. ఉందన్నాను. ఇవాళ, రేపు ఎండ కాస్తే ఆరాక ఉంచాల్సిన రెండు రోజులు కూడా మిగులుతాయన్నాను.

రెండు జతలూ మా వంటింటి గడకి గుచ్చి బయటికి తోశాను. నావి ఎప్పుడో ఆరినవే, అయినా పెట్టాను. ఇది రాస్తున్నప్పుడు సోమవారం మధ్యాహ్నం. ఆఫీసుకి సెలవు పెట్టి కిటికీ దగ్గర కూర్చున్నాను. చాంగీ వైపు నుంచి నల్లటి మబ్బు వస్తోంది. ఒక చెయ్యి గడ మీద వేసి, ఆమె ఎడమ బూటు కోసం ఎండ రావాలని ఆకాశం వైపు చూస్తున్నాను.