పిన్నిగారి గడ్డ, నా అనువాదం

2006 జులైలో ఒక శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండున్నరకి జాన్సన్‌విల్‌లో రైలెక్కాం. వెల్లింగ్టన్‌కి ఇరవై నిమిషాల ప్రయాణం. దారిలో ఏడు సొరంగాలు. నేను చెప్పేటప్పుడు పదిహేడవుతాయి. మా స్టేషన్ గాలికి ఆవులు ఎగురుతాయని కాకినాడలో చెప్పి వచ్చాను, వాళ్లింకా నమ్ముతున్నారు.

పక్కన వెంకటరత్నం పిన్నిగారు. మా వీధి శైలజకి తల్లి, అరవై రెండేళ్లు, అమలాపురం మనిషి. శైలజకి ఆఫీసులో సెలవు దొరకలేదు. పొద్దున ఆఫీసుకి వెళ్తూ నన్ను గేటు దగ్గర ఆపింది.

"రిపోర్టులో కేన్సరని వచ్చింది అంకుల్. అమ్మ చెవిన ఆ మాట పడకూడదు, తట్టుకోలేదు. ఇంటర్‌ప్రెటర్ వస్తారట, వాళ్లనీ కాస్త మేనేజ్ చేయండి."

మన ఇళ్లలో రోగం పేరు రోగికి తప్ప అందరికీ తెలుస్తుంది. నేనూ తలూపాను.

స్టేషన్ నుంచి బస్సులో ఆసుపత్రికి చేరేసరికి ఒకటిన్నర. ఇంటర్‌ప్రెటర్ ముందే వచ్చి కూర్చుంది. చాలా మర్యాదస్తురాలు. కాకపోతే హిందీ ఆవిడ. ఇండియా అంటే హిందీయే అనుకుని ఎవరో ఫారం నింపేశారు.

"ఏవండీ, ఈవిడ మాట రేడియోలో ఢిల్లీ వార్తల్లా ఉందేంటండీ?" అన్నారు పిన్నిగారు.

"తెలుగు మనిషి కావాలంటే మూడు వారాలు ఆగాలి. గడ్డ ఆగదు," అంది డాక్టరు. నా వంక చూసి, "నేను చెప్పిందంతా చెబుతారా?" అని అడిగింది.

"అంతా," అన్నాను.

రొమ్ములో కేన్సర్, ఇప్పుడు కోస్తే బతికే అవకాశం బాగా ఉంది, ఆలస్యం చేస్తే చెప్పలేం, సోమవారమే ఆపరేషన్ చేస్తాం అని డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పింది.

"చిన్న గడ్డ పిన్నిగారూ. తీసేస్తే మంచిదట," అన్నాను. ఒక సంగతిని ఉన్నదానికంటే చిన్నది చేసి చెప్పడం నా జన్మలో అదే మొదలు.

"చిన్నదానికి కోతెందుకండీ? ఊరెళ్లినప్పుడు మన డాక్టరుగారికి చూపించుకుంటాను. వద్దని చెప్పండి."

"అర్థమయ్యే వద్దంటున్నారా?" డాక్టరు రెండుసార్లు అడిగింది. సాయంత్రం శైలజ చూసుకుంటుందిలే అనుకుని, అర్థమైందన్నాను. పేషెంటు వద్దన్నారని రాసుకుని, సోమవారం జాబితాలో పిన్నిగారి పేరు కొట్టేసింది.

మూడుంపావు రైలు. మొదటి సొరంగంలో పిన్నిగారు నోరు విప్పారు.

"మూర్తిగారూ, ఆవిడ అంతసేపు మాట్లాడితే మీరు రెండు ముక్కల్లో తేల్చేశారు. మొన్న మా వంటింట్లో బొద్దింకని పందికొక్కంత చేశారే, ఇవాళ ఇంత పొదుపేంటండీ?"

నేను చేతిలో టికెట్టు మడతపెట్టసాగాను.

"ప్రాణం మీదదేనా?"

"అవునండి. కేన్సరట."

"కోస్తే?"

"బతకొచ్చంది."

రైలు వెలుతురులోకి వచ్చింది. పిన్నిగారు నావైపే చూస్తున్నారు.

"మరి నా నోటితో వద్దనిపించారేంటండీ?"

తర్వాతి స్టేషన్ క్రాఫ్టన్ డౌన్స్‌లో నాకంటే ముందు ఆవిడే దిగారు. వెనక్కి వెళ్లే రైలు కోసం అరగంట గాలిలో నిలబడ్డాం. ఆసుపత్రికి చేరేసరికి నాలుగు నలభై. డాక్టరు వెళ్లిపోయింది. సోమవారం ఖాళీ ఇంకెవరికో ఇచ్చేశారట. కొత్త తేదీ ఉత్తరంలో వస్తుందంది కౌంటర్‌లో అమ్మాయి. ఎప్పటికో తెలియదంది. ఈసారి ఫారంలో తెలుగు అని పెద్దక్షరాలతో రాశాను.

"తోడు మాత్రం మీరు రాకండి," అన్నారు పిన్నిగారు. కోపంగా కూడా అనలేదు.

ఈ దారిన వెళ్లేవాళ్లు ముందురోజే ఫోన్ చేసి ఏ భాష మనిషి వస్తున్నారో కనుక్కోండి. గేటు దగ్గర ఎవరాపినా తలూపకండి.

ఐదున్నర రైల్లో పిన్నిగారు నాకు దూరంగా, కిటికీ పక్కన కూర్చున్నారు. ఇల్లు చేరేదాకా సొరంగాలు లెక్కపెట్టాను. ఏడే ఉన్నాయి.