దారంతో కట్టిన పేర్లు

మా మరిది పోయాడని చేవెళ్ల నుంచి పొద్దున పాలు కాగే వేళకు ఫోన్ వచ్చింది. చేసింది ఆయన పెద్ద కొడుకు. "పెద్దమ్మా, బాపు పోయిండు. రాత్రి మంచిగనే తిన్నడు. పొద్దుగాల లేపితె లేవలే." ఆ వెంటే, "తమ్మునికి నువ్వే చెప్పు. నేను చెయ్య" అన్నాడు. తండ్రిని చాప మీద పడుకోబెట్టి, ఆ పక్కనే నిలబడి అన్న మాట అది. మొయినాబాద్‌లోని మా ఇంటి నుంచి హైదరాబాదుకు నేనే ఫోన్ చేసి ఆయన చిన్న కొడుక్కి చెప్పాను.

నాకు మరిది, చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ప్రెస్సు సేటు. చేవెళ్ల బస్టాండు వెనుక ఇరుకు గదిలో కాలితో తొక్కే అచ్చు మిషను పెట్టుకుని, తల నెరిసేదాకా పెండ్లి పత్రికలు వేశాడు. బిల్లు పుస్తకాలు, కరపత్రాలు కూడా వేసేవాడు కానీ పెండ్లి పత్రిక పని ఉన్న రోజు తలస్నానం చేసి వచ్చేవాడు. ఇంట్లో చదువుకున్న కోడలిని నేనొక్కదాన్నే కాబట్టి ప్రూఫులు నాకే వచ్చేవి. బస్సు కండక్టరు చేతికి ఇచ్చి పంపేవాడు. నేను ఎర్ర సిరాతో తప్పులు గీసి మరుసటి బస్సుకు తిప్పి పంపేదాన్ని. "వదినె, నువ్వు జర కండ్లు మూసుకొని చదువరాదు? నా మిషనుకు ఇజ్జత్ మిగుల్తది" అనేవాడు. ఒక్క తప్పు కూడా దొరకని రోజు మాత్రం సాయంత్రం తానే వచ్చి, చాయ్ అడిగి తాగి పోయేవాడు.

ఆయన పని పద్ధతి ఒకటి చెప్పాలి. ఆ పాత అచ్చులో ఒక్కొక్క అక్షరం ఒక్కొక్క సీసపు ముక్క. వాటిని ఏరి, వరుసగా పేర్చి, దారంతో బిగించి కట్టి మిషనులో పెట్టాలి. పని అయ్యాక కట్ట విప్పి, అక్షరాలను గళ్ల పెట్టెలో ఎక్కడివక్కడ వేయాలి. వధూవరుల పేర్లు, ముహూర్తం ఆయన అలాగే విప్పేసేవాడు. పత్రిక చివర 'ఆహ్వానించువారు' అని ఇంటి పెద్దల పేర్లు, అన్నదమ్ముల పేర్లు వస్తాయి కదా, వాటిని మాత్రం విప్పేవాడు కాదు. ఆ ఇంట్లో మళ్లీ పెండ్లి కాకపోతుందా అని కట్ట కట్టినట్టే ఉంచి, ఇంటిపేరు రాసిన చీటీ అంటించి అరలో పెట్టేవాడు. ఎంకపల్లికి ఒక అర, శంకర్‌పల్లికి ఒక అర, చిల్కూరుకు ఒకటి.

మా ఇంటి కట్ట కూడా ఉండేది. పైన మా ఆయన పేరు, దాని కింద మరిది పేరు, ఆ కింద మరిది కొడుకులిద్దరి పేర్లు పక్కపక్కన. నాకు ఇద్దరూ ఆడపిల్లలే. వాళ్ల పెండ్లి పత్రికల్లో అన్నదమ్ముల పేర్లంటే ఆ ఇద్దరివే. మా ఆయన పోయినప్పుడు, కర్మ అయిన మరునాడు మరిది ఆ కట్టను మా ఇంటికి తెచ్చాడు. నా ముందే దారం విప్పి, అన్న పేరులోని అక్షరాలు ఒక్కొక్కటే తీసి రుమాలులో వేసుకుని, మిగతావి మళ్లీ బిగించి కట్టాడు. "వీటిని గళ్లల్ల ఏస్త వదినె. అన్న అక్షరాలు ఇంకొకరి లగ్గానికి పనికొస్తయి" అన్నాడు. నేను విన్న ఓదార్పు మాటల్లో నాకు పనికొచ్చింది అదొక్కటే.

తర్వాత హైదరాబాదులో కంప్యూటరు కంపెనీలు లేచాయి. వాటి డబ్బు మా వైపు భూముల మీదికి వచ్చింది. నిన్నటి వరకు ఎవరూ అడగని చెలకకు కార్లలో వచ్చి బేరాలు చేశారు. భూములు అమ్మిన ఇళ్లలో పంచాయితీలు మొదలయ్యాయి. ఆ పంచాయితీలన్నీ చివరికి మా మరిది ప్రెస్సుకే వచ్చేవి. నేను ప్రూఫులతో కూర్చున్న ఒక రోజు ఎంకపల్లి రైతు ఒకాయన వచ్చాడు.

"సేటూ, పత్రికల మా తమ్ముని పేరు తీసెయ్యి."

"ఏమాయె, పోయిండా?"

"వానికేం రోగం, గుండు లెక్క ఉన్నడు. మాటల్లేవు."

"అయితె నేను తియ్య. మనిషి పోయినంక తీస్త గని, అలిగినంక తియ్య."

"పైసలిచ్చేది నేనా, వాడా?"

"కాయితానికి ఇస్తున్నవే అన్నా. తమ్మున్ని కొంటలేవు గద. కూసో, చాయ్ తాగు."

ఆయన గొణుక్కుంటూనే చాయ్ తాగాడు, పేరు ఉంచి వెళ్లాడు. మొదట్లో చాలామంది అలాగే తగ్గేవారు. రానురాను తగ్గడం మానేశారు. సిటీకి పోతే కంప్యూటరు మీద ఒక వేలితో పేరు పోతుంది, ఎందుకని అడిగేవాడు ఉండడు. అరల్లో కట్టలు దుమ్ము పట్టాయి.

అదే మంట మా ఇంట్లోనూ అంటుకుంది. చేవెళ్లలో ఎరువుల దుకాణం నడిపే పెద్దవాడు, ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న ఎంకపల్లి పొలాన్ని మంచి ధర అనుకుని అందరితో చెప్పే అమ్మాడు. ఆరు నెలలకు పక్క పొలం మూడింతలకు పోయింది. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే చిన్నవాడు అన్నతో మాట మానేశాడు. నేను లెక్క తెలిసిన మనిషిని. ఎటు నుంచి చూసినా అందులో మోసం ఎవరిదీ లేదు. ధర పెరిగింది, అంతే.

ఆ మరుసటి ఏడు చిన్నవాడి పెండ్లి కుదిరింది. మరిది కొడుకును అడిగింది ఒక్కటే: పత్రికలో అన్న పేరు. ఆయన మాట చెల్లకపోతే నేను పిలిపించాను.

"పెద్దమ్మా, నువ్వు లెక్కల మనిషివి. ఆర్నెల్లు ఆగితె ఎంతొచ్చేదో నువ్వే చెప్పు."

"ఆ లెక్క తర్వాత. నీకు అన్నలెందరు? ముందు అది చెప్పు."

"ఎవ్వరు లేరనుకున్న" అన్నాడు. "ఆ పేరుంటె నేను పీటల మీద కూసోను."

పత్రికలు సిటీ నుంచి వచ్చాయి. మఖ్మల్ డబ్బాలో బంగారు రంగు వినాయకుడు. మా వైపు రివాజు ప్రకారం 'కనిష్ఠ కుమారుడు' అని ఉండాల్సిన చోట వట్టి 'కుమారుడు' అని ఉంది. మరిది దాన్ని చాలాసేపు పట్టుకుని, "వదినె, ఒక్క తప్పు లేదు. మస్తుగ అచ్చేసిండ్రు" అన్నాడు.

రెండు రోజులకు, మూలపడిన మిషను తుడిచి, మా ఇంటి కట్ట అరలోంచి తీసి, అదే పెండ్లికి తానే పత్రిక అచ్చువేశాడు. పలచటి గులాబీ కాగితం. కొడుకులిద్దరి పేర్లూ పక్కపక్కన. నాలుగు మూలలా పసుపు పెట్టి, నన్ను వెంటబెట్టుకుని మొయినాబాద్‌లో ఆటో ఎక్కి చిల్కూరు గుడికి పోయాడు. దేవుని ముందు పత్రిక పెట్టి బయటికి వచ్చాక అన్నాడు: "మనుషులకు వాళ్లు అచ్చేయించింది పంచనీ. దేవునికి నాది ఇచ్చిన. ఆయనకైన అబద్ధం చెప్పొద్దు గద."

పెండ్లికి పెద్దవాడు రాలేదు. ప్రెస్సు తలుపు మళ్లీ తెరుచుకోలేదు. మరిది వారానికొకసారి మా ఇంటికి వచ్చి, "వాడేమన్న అడిగిండా వీని గురించి?" అనేవాడు. ఎవరు, ఎవరి గురించి అని నేను అడగలేదు. లేదనేదాన్ని. ఆయన తలూపి చాయ్ తాగేవాడు. ఆ తర్వాత ఆ ప్రశ్న కూడా మానేశాడు.

పాడె మోసినప్పుడు ఇద్దరూ చెరో వైపు పట్టారు. ఒకరి ముఖం ఒకరు చూడలేదు. కర్మ పత్రికలు మాత్రం నాకు రెండు వచ్చాయి. ఒకటి పెద్దవాడి పేరుతో, భోజనాలు చేవెళ్ల ఇంట్లో. ఇంకొకటి చిన్నవాడి పేరుతో, మొయినాబాద్ ఫంక్షన్ హాల్లో. ఫోటో ఒక్కటే, రోజు ఒక్కటే, పూట ఒక్కటే. ఒకదానిలో ఉన్న పేరు ఇంకొకదానిలో లేదు. నేను ఎక్కడికీ పోలేదు. ఆ పూట మా ఇంట్లోనే ఒక విస్తరి వేసి, పక్కన చాయ్ గ్లాసు పెట్టాను.

నెల తిరగకముందే ప్రెస్సు గది సెల్‌ఫోన్ దుకాణానికి కిరాయికి పోయింది. మిషను, గళ్ల పెట్టెలు, అక్షరాలు అన్నీ పాత ఇనుము వాడు తూకానికి ఎత్తుకుపోయాడు. మా ఇంటి కట్ట ఒక్కటి నాకు ఇవ్వమని అడిగాను. పెద్దవాడు కాగితంలో చుట్టి కండక్టరు చేతికిచ్చి పంపాడు.

సీసపు అక్షరాలు తిరగబడి ఉంటాయి, అద్దానికి పెట్టి చదివాను. పైన మరిది పేరు. కింద ఇద్దరివీ, మధ్యలో సందు లేకుండా. ఆయన రివాజు ప్రకారం ఇప్పుడు ఆయన పేరు తీసేయాలి. తీస్తే వేయడానికి ఇప్పుడు గళ్ల పెట్టె లేదు. ఆ అక్షరాలు ఇక ఎవరి లగ్గానికీ పనికిరావు. విప్పితే కింది రెండు పేర్లు కూడా రాలిపోతాయి, పేర్చి కట్టడం నాకు రాదు.

కట్టను దీపం గూట్లో పెట్టాను. దారం పాతది, ఒక మూల పోగులు లేచి తెగడానికి వచ్చింది. రోజూ పొద్దున గూడు తుడిచేటప్పుడు, దాన్ని కదపకుండా చుట్టూ తుడుస్తున్నాను.