వాసన లేని నీళ్లు

మా చిన్నాన్నను నీళ్ల ప్లాంటులో అందరూ ముక్కు బాబాయ్ అనేవారు. నీళ్లు శుద్ధి చేయడానికి ఓజోన్ వాయువు కలిపే గదిలో ఆపరేటరు. మీటర్లు ఏం చెప్పినా, పొద్దున్నే గ్లాసుడు నీళ్లు పట్టి వాసన చూడందే ఆయనకు నమ్మకం కుదిరేది కాదు.

ఒక వేసవిలో ఏరు అడుగంటి, నీళ్లు బురద కంపు కొట్టాయి. చాలక, సముద్రం పక్కనున్న బావుల నీళ్లు కూడా కలిపారు. చిన్నాన్న ఓజోన్ పెంచాడు. కంపు పోయింది. వీధంతా మెచ్చుకుంటుంటే, పిన్ని ఆ నీళ్లు తానే వడగట్టినట్టు మురిసిపోయింది.

నెల తిరక్కుండానే ల్యాబ్ అమ్మాయి ఓజోన్ గదికి వచ్చింది. ఆ బావుల నీళ్లలో బ్రోమైడ్ అనే సముద్రపు లవణం ఉందనీ, ఊరికే ఉంటే దానితో పేచీ లేదు గాని, ఓజోన్ తగిలితే బ్రోమేట్‌గా మారుతుందనీ, అది ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే క్యాన్సర్ రావచ్చంటారనీ చెప్పింది. పరీక్షలో హద్దు దాటిపోయిందట.

“మరి నాకు తెలీలేదేమ్మా?”

“దానికి వాసన లేదు, రుచీ లేదు బాబాయ్. కాచినా పోదు.”

చిన్నాన్న ఇంజనీరును ఒప్పించి ఓజోన్ తగ్గించాడు. క్రిముల సంగతి క్లోరిన్ చూసుకుంటుంది. కంపు మాత్రం తిరిగొచ్చింది. జనం బకెట్లు పట్టుకుని గేటు ముందు చేరారు. ఆయనే బయటికి వెళ్లి, ప్రస్తుతానికి ఈ కంపు నీళ్లే నయమని నచ్చజెప్పబోయాడు.

మా వీధి మెకానిక్ సాంతం విననేలేదు.

“అంటే కంపు కొట్టేవి మంచినీళ్లు, కొట్టనివి చెడ్డనీళ్లా? ముందా ముక్కు ఎవరికైనా చూపించుకో బాబాయ్.”

అందరూ నవ్వారు. గుంపులో పిన్ని కూడా ఉంది. ఆమె నవ్వలేదు. అలాగని నోరు విప్పి ఒక్క మాటా అనలేదు.

సాయంత్రానికి ఓజోన్ పెంచమని పైనుంచి ఫోను వచ్చింది. ఇంజనీరు తలూపాడు. బ్రోమేట్ సంగతి వానలు పడ్డాక చూద్దామన్నారు. చిన్నాన్న వాల్వు మీద చెయ్యి వేయనన్నాడు. మర్నాడే ఆయన్ను పంపుల గదికి మార్చి, ఇంకొకరి చేత తిప్పించారు.

“కొత్తతని చెయ్యి మంచిదండీ. నీళ్లు చూడండి, అద్దంలా ఉన్నాయి,” అంది పిన్ని. దెప్పడానికి కాదు, నిజంగానే సంతోషపడి అంది. ఆయన ఆ నీళ్లే తాగాడు. వేరే నీళ్లు ఎక్కడివి?

రిటైరయ్యేదాకా పంపుల గదిలోనే ఉన్నాడు. అక్కడి హోరులో ఎవరేమన్నా వినపడదు, ఆ ఉద్యోగంలో సుఖం అదొక్కటే అనేవాడు.