మేమే కాల్చిన క్లచ్ ప్లేటు

ఇన్నేళ్లూ ఇది రాయకపోవడానికి కారణాలు రెండు. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక, మనవరాలి పలక మీద. అప్పటికి మా ఆయన బతికే ఉన్నాడు. ఆయన ఉండగా ఇది రాసే విషయం కాదు.

ఆయన కోరుట్ల నుంచి జగిత్యాలకు జీపు నడిపేవాడు. వారానికోసారి సిరిసిల్లకు నూలు మూటలు వేసేవాడు. సిరిసిల్ల నా పుట్టిల్లు. అక్కడ మా నాయన సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపేవాడు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, పిడి లాగితే సాంచె ఆగుతుంది. జీపులో క్లచ్ పనీ అదేనని మా ఆయన చెప్తే వెంటనే అర్థమైంది. పెడల్ తొక్కితే ఇంజను, చక్రాలు విడిపోతాయి. వదిలితే ప్లేటు రెండింటినీ కలిపి పట్టుకుంటుంది.

ఆయన ఎడమకాలు ఎప్పుడూ ఆ పెడల్ మీదే ఉండేది. దారిలో ఒకచోట పోలీసులు, ఇంకోచోట నక్సలైట్లు. ఎవరు చెయ్యెత్తినా ఆపాలి. ఆ కాలి బరువుకే ప్లేటు అరిగిపోయేది. ఇంజను అరిచేది, జీపు ముందుకు పోయేది కాదు.

"కాలు పెట్టుకోనికి అదేమన్న పీటనా అన్నా?" అన్నాడు మెకానిక్, అరిగిన ప్లేటు చూపించి.

"నువ్వొకసారి గా రోడ్డు మీద నడిపి చూడు, నీ కాలు యాడుంటదో."

"నాకెందుకన్నా? నువ్వు గిట్లనే నడుపు, నా పొయ్యి మండుతది."

పెడల్‌కు పైన రెండు వేళ్ల వదులు ఉండాలని కూడా అతనే చెప్పాడు. రోజూ పొద్దున చేత్తో నొక్కి ఆ వదులు చూడడం నా పనైంది.

కొత్త ప్లేటు వేసి నెల కాలేదు. ఒక సాయంత్రం కానిస్టేబుల్ వచ్చాడు.

"రేపు పొద్దుగాల బండి కావాలె. అడివి దిక్కు పోవాలె."

"పిల్లలున్నోన్ని సారూ."

"నాకు లేరా?" అన్నాడు అతను. కోపంగా కాదు, అలసిపోయి.

మట్టిరోడ్ల కింద నక్సలైట్లు మందుపాతరలు పెట్టేవారు. పోలీసు జీపైతే గుర్తుపడతారని పోలీసులు కిరాయి జీపులు తీసుకుపోయేవారు. ప్రాణాలతో తిరిగొచ్చినా, బండి ఎందుకిచ్చావని అవతలివాళ్లు అడుగుతారు. కాదంటే ఇవతలివాళ్లు ఊరుకోరు.

చీకటి పడ్డాక ఆయన జీపు ఎక్కాడు. తర్వాత "రాళ్లు పట్టుకరా" అన్నాడు.

బండి కదలకుండా చక్రాలకు ముందు రాళ్లు నేనే పెట్టాను. ఆయన గేరు వేసి, ఇంజను గట్టిగా లేపి, క్లచ్ సగం వదిలి పట్టుకున్నాడు. ప్లేటు మాడి, వెంట్రుకలు కాలినట్టు వాసన వచ్చింది, పొగ లేచింది. ఆయన ఆపలేదు.

మర్నాడు పొద్దున ఆయన కానిస్టేబుల్ కళ్ల ముందే జీపు స్టార్ట్ చేశాడు. ఇంజను అరిచింది, జీపు కదల్లేదు. కానిస్టేబుల్ ముక్కు మూసుకుని వెనక వీధికి పోయాడు. అక్కడ ఇంకో జీపు ఉంది, డ్రైవర్‌తో సహా దాన్ని తీసుకుపోయాడు. ఆ డ్రైవర్ భార్యా నేనూ రోజూ కలిసి బీడీలు చుట్టేవాళ్లం. ఆ జీపు సాయంత్రం క్షేమంగా తిరిగొచ్చింది. కానీ ఆ పొద్దున నాకది తెలియదు.

బీడీ ఆకుల చాట పట్టుకుని ఆమె ఇంటికి పోయాను.

"మీ బండికేమైందక్కా?"

"క్లచ్ పోయింది."

"మొన్ననే ఏసిండ్రు గదా."

ఆమె చేతులు ఆడడం లేదు. ఆమె చాటలోని ఆకు నా ముందుకు లాక్కుని, నా ఆకు పక్కన పెట్టి, ముందు ఆమెది కత్తిరించడం మొదలుపెట్టాను.