ఏరు దాటిన చలిమిడి

మా అమ్మమ్మ కొండమ్మ చదువు నాలుగో తరగతితోనే ఆగింది. డ్రోన్ మాత్రం మాచర్ల చుట్టుపక్కల ఆమె తిప్పినట్టు ఇంకెవరూ తిప్పలేరు. పొదుపు సంఘానికి ప్రభుత్వమిచ్చిన డ్రోన్ అది. దాంతో ఊరి మిరప చేలన్నిటికీ మందు కొడుతుంది. ఎగరేసేముందు బొట్టు పెడుతుంది. దిగాక, మనవళ్ళ సంగతి తర్వాత, ముందు దానికే స్నానం.

ఈ ఏడు మిరపకి ఆకుముడత తెగులు కమ్ముకుంది. సరిగ్గా అప్పుడే కృష్ణకి అవతల, తెలంగాణ ఒడ్డున కాపురముంటున్న చిన్నకూతురు రేవతికి అయిదో నెలొచ్చింది. పుట్టింటి చలిమిడి ఒళ్ళో పెట్టాలి. రోడ్డున పోతే సాగర్ మీదుగా చుట్టు తిరగాలి, రోజంతా పోతుంది. చేలు ఆగేట్టు లేవు. ఏరు చూస్తే సన్నబడి ఉంది, అవతల రేవతి ఇల్లు కనబడుతోంది. అమ్మమ్మ మందు డబ్బా ఊడదీసి, చలిమిడి గిన్నెని పసుపుగుడ్డలో మూటగట్టి, డ్రోన్ కాళ్ళకి వేలాడదీసింది.

మూట క్షేమంగా దిగింది. అల్లుడు ముడి విప్పుకున్నాడు. డ్రోన్ వెనక్కొచ్చి చేలో వాలేసరికి గట్టు మీద పోలీసు జీపు ఉంది.

గంజాయి గాల్లో ఏరు దాటుతోందని రెండు రాష్ట్రాల పోలీసులూ కొన్నాళ్ళుగా ఒకరికొకరు కబురిచ్చుకుంటున్నారట. ఇక్కడేది లేచినా అక్కడ తెలుస్తుంది, అక్కడేది దిగినా ఇక్కడ ఫోన్ మోగుతుంది. ఎస్సై సుధీర్ బాబు తన ఫోన్లో చూపించాడు: మా చేలోంచి రేవతి వాకిలి దాకా ఎర్రటి గీత. అమ్మమ్మ నోరెళ్ళబెట్టింది. నీళ్ళ దగ్గర ఏళ్ళ తరబడి మాట కలవని ప్రభుత్వాలు తన మూట దగ్గర ఇంత ఒద్దికగా ఉన్నాయా అనుకుంది.

"ఏందమ్మా మూటలో?"

"చలిమిడి, సారూ. మా పిల్లకి అయిదో నెల."

ఎస్సై నవ్వలేదు. మొన్న గంజాయితో దొరికినోడు కూడా మూటలో పసుపేనన్నాడట. డ్రోన్ స్టేషన్‌కి పోవాలన్నాడు. కేసయితే అది మళ్ళీ చేతికి రాదు. అమ్మమ్మ డ్రోన్ కాలు గట్టిగా పట్టుకుంది.

ఇంతలో అవతలి పోలీసులు వీడియో కాల్ చేశారు. రేవతి వాకిట్లో తెల్లటి ముద్ద, దాని మీదికి వంగిన పోలీసు కుక్క. అది యాలకుల వాసనకి తుమ్మి, మూతి నాక్కుంది.

డ్రోన్ సంగతే మర్చిపోయింది అమ్మమ్మ. "ఆ కుక్కని కాస్త ఎనక్కి పట్టుకోమను, నాయనా. కడుపుతో ఉన్న పిల్ల తినేది."

ఎస్సై అప్పుడు నవ్వాడు. అవతల ఒక ఆడ కానిస్టేబుల్ చేతులు కడుక్కొచ్చి, గిన్నె తీసి రేవతి ఒళ్ళో పెట్టింది.

డ్రోన్ వదిలేశారు, ఒక షరతు మీద: అది ఏరు దాటకుండా కంపెనీ కుర్రాడు దాని మ్యాపులో ఒడ్డు వెంట హద్దు గీత పెట్టాలి. మర్నాడు అతనొచ్చి ఆ పని చేసి పోయాక, అమ్మమ్మ దాన్ని ఒడ్డుకి తోలి చూసింది. నీళ్ళ అంచున, గాల్లో, ఎవరో భుజం పట్టి ఆపినట్టు ఆగిపోయింది. ఎంత తోసినా కదల్లేదు. ఎదర గోడ లేదు, కంచె లేదు, ఎండ తప్ప ఏమీ లేదు.

"దానికెట్టా తెలిసిందే, ఏరొచ్చిందని?" అని నన్నడిగి, జవాబు కోసం చూడకుండా రిమోట్ పట్టుకున్న చేతులతోనే ఆకాశానికి దండం పెట్టింది.